ఎక్కిన గేరులోనే దిగాలి

మొన్న మంగళవారం పొద్దున మా మామయ్య, అంటే నా భార్య తండ్రి, నిద్రలోనే వెళ్ళిపోయారని మా బావమరిది ఫోన్ చేశాడు. నా భార్య ఆ సాయంత్రమే ఇండియాకి బయల్దేరింది. పాపకు బడి ఉందని నేను ఇక్కడే జర్మనీలో, ఇంగోల్‌స్టాట్‌లో ఉండిపోయాను. మన తెలుగువాళ్ళ గ్రూపులో సంతాపం తెలిపిన అందరికీ కృతజ్ఞతలు. అందులో ఒక సందేశం మాత్రం నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. "అయ్యో, ఘాట్లో భయపడి బండి ఆపించిన బాబాయేనా? ఎంత మంచి మనిషో!" అని ఎవరో ప్రేమగానే రాశారు.

ఆయన భయపడలేదు. ఆ మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మామయ్య ముప్పై ఏళ్ళు శ్రీశైలం ఘాట్లో బస్సు నడిపారు. రెండేళ్ళ కిందట వేసవిలో వచ్చి మూణ్ణెల్లు మా దగ్గరున్నారు. ఏ బండి ఎక్కబోయినా ముందు దాని చుట్టూ నడిచి టైర్లు చూసేవారు. ఇక్కడి సిటీ బస్సుకైనా సరే. డ్రైవరు తలుపు తీసి ఎదురుచూస్తుంటే నా భార్య, "నాన్నా, రండి, అందరూ చూస్తున్నారు" అని తొందరపెట్టేది. "ఎక్కేది మనమే కదమ్మా" అనేవారు.

నేను చదువు మధ్యలో మానేసి, కోడింగు సొంతంగా నేర్చుకుని, బ్లూ కార్డు వీసా మీద ఇక్కడికి వచ్చినవాణ్ణి. ఎవరి దగ్గరా ఏమీ నేర్చుకోలేదన్నది నాకో గొప్ప. ఆ ఆగస్టులో ఆల్ప్స్ అంచునే సాగే కొండదారిలో తిరుగుదామని క్యాంపర్ వ్యాన్ అద్దెకు తీసుకున్నప్పుడూ అంతే, నాలుగు వీడియోలు చూసి తాళాలు అందుకున్నాను. నా భార్య ముందు సీట్లో నా పక్కన ఉంటే, మామయ్య పాపతో వెనక కిటికీ దగ్గర కూర్చుని మలుపులు వేళ్ళమీద లెక్కపెట్టేవారు. "రోడ్డు మనదానికన్నా వెడల్పే" అని మెచ్చుకునేవారు.

మూడో రోజు ఓబర్‌యోఖ్ అనే కనుమ దగ్గర దిగుడు మొదలైంది. నేను నాలుగో గేరులో, బ్రేకు మీంచి కాలు తీయకుండా దిగుతున్నాను.

"అల్లుడుగారూ, ఎక్కిన గేరులోనే దిగాలి. రెండులో వేసుకోండి."

నేను గేరు మార్చలేదు. ఇంకోసారి చెప్పారు.

"మామయ్యా, ఇది మీ ఎర్రబస్సు కాదు. కాసేపు కొండలు చూడండి" అన్నాను. పాప పకపకా నవ్వింది. ఆయన మళ్ళీ కిటికీ వైపు తిరిగారు.

మరో రెండు మలుపులు దాటాక పాపే ముక్కు మూసుకుని, "నాన్నా, ఎస్ ష్టింక్ట్!" అని, కంపు కొడుతోందని జర్మన్‌లో అరిచింది. నిజమే, ఏదో కాలుతున్న కంపు. బ్రేకు పెడల్ మెత్తబడి సగం దాకా దిగిపోయింది. ఎదురుగా మలుపు. నేను పెడల్‌నే ఇంకా గట్టిగా తొక్కుతున్నాను.

మామయ్య సీటు బెల్టు తీసేసి వచ్చి నా సీటు వెనక నిలబడ్డారు. గొంతు పెంచలేదు. "బ్రేకు వదిలి మళ్ళీ తొక్కండి. ఊఁ. మూడు. ఇప్పుడు రెండు. ఇంజిను అరుస్తుంది, అరవనివ్వండి."

అరిచింది. బండి మాట విన్నది. మలుపు దాటాక పక్కన ఖాళీ జాగా కనబడితే హ్యాండ్‌బ్రేకు లాగి ఆపాను.

ఆయన ముందు దిగి, ఒక రాయి వెతికి తెచ్చి ముందు చక్రానికి ఆనించారు. చక్రాల్లోంచి పొగ వస్తోంది. నేను నీళ్ళ సీసా తీస్తే చెయ్యి పట్టుకున్నారు. "నీళ్ళు పోస్తే బ్రేకు పగుల్తుంది. దానంతటది చల్లారాలి." గంటసేపు కూర్చున్నాం. ఫ్లాస్కులో టీ మూతలో పోసి మొదట నాకే ఇచ్చారు. "ఘాట్లో ప్రతి డ్రైవరుకీ ఒకసారి పొగొస్తుంది లెండి" అన్నారు, అంతే.

నాకు రోజూ లెక్కలు రాసుకునే అలవాటు. ఎక్కడ బయల్దేరాం, ఎన్ని కిలోమీటర్లు, ఎంత డీజిలు. ఆ సాయంత్రం, "దిగుడులో మామయ్య భయపడ్డారు, గంట ఆగాం" అని రాశాను. ఆ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. అందులో కూడా నిజం రాసుకోలేకపోయాను.

వినాయకచవితి భోజనాల దగ్గర మీరు ప్రయాణం ఎలా జరిగిందని అడిగితే అదే చెప్పాను, ఇంకాస్త కలిపి. అందరూ నవ్వారు. "ఏం బాబాయ్, శ్రీశైలం ఘాట్లో బస్సు తోలారన్నారు?" అని ఒకరు ఆటపట్టించారు. మామయ్య ఒక్కసారి నావైపు చూశారు. "వయసైపోయింది కదయ్యా" అని నవ్వి, పులిహోర కలుపుకున్నారు.

ఇంటికొస్తుంటే కారులో నా భార్య, "మా నాన్నని ఎందుకలా అన్నావు?" అంది. వెనక సీట్లోంచి ఆయనే అన్నారు: "పోనీలేమ్మా. నడిపేవాడి మీద బండిలోవాళ్ళకి నమ్మకం పోకూడదు."

తర్వాత రెండేళ్ళలో ఎన్నో ఆదివారాలు వీడియో కాల్‌లో మాట్లాడుకున్నాం. ప్రతిసారీ చెబుదామనుకుని, టైర్లలో గాలి చూయించారా అని ఆయనడిగితే చూయించానని చెప్పి ఫోను పాపకిచ్చేసేవాణ్ణి. ఇవాళ పుస్తకంలో ఆ మాట కొట్టేసి, "నేను భయపడ్డాను, మామయ్య ఆపించారు" అని రాశాను. ఆయన చూడరు. మీరైనా చూడాలి.

ఆ రోజు బ్రేకులు చల్లారాక నా భార్య పాప పక్కన కూర్చుంటానని వెనక్కి వెళ్ళింది. ముందు సీటు ఖాళీ అయింది. ఇక్కడ కూర్చోండి మామయ్యా అని నేననలేదు. తాళం తిప్పి పక్క అద్దంలోకి చూస్తే, ఆయన చక్రం కింద పెట్టిన రాయిని రెండు చేతులా మోసుకెళ్తున్నారు. వెనకొచ్చేవాళ్ళకి తగలకుండా రోడ్డు అంచు దాటి లోపలికి వెళ్ళి, గడ్డిలో తీసిన చోటే దాన్ని పెట్టి, చేతులు దులుపుకున్నారు. మళ్ళీ బండి చుట్టూ ఒకసారి నడిచి, నాలుగు టైర్లూ చూసి, వెనక తలుపు తీసి ఎక్కారు.