అంచు మడతలో పువ్వు

మొన్న ఆదివారం మా మనవరాలు ఎవరో వాడి అమ్మేసిన జీన్సు జాకెట్టు ఒకటి ఫోనులో తెప్పించుకుని, దాని వీపు మీద అతికించడానికి ఇస్త్రీ చేస్తే అంటుకుపోయే బొమ్మల షీటు కూడా తెప్పించుకుని, "అమ్మమ్మా, నువ్వే చెయ్యి, నేను చేస్తే కాలిపోతది" అంటూ రెండూ నా ఒళ్ళో పడేసింది. ఈ మధ్య నాకు దేనికీ ఓపిక ఉండడం లేదు, నిలబడితే మోకాళ్ళు, కూర్చుంటే నడుము. సణుక్కుంటూనే పెట్టె వేడి చేసి బొమ్మ మీద ఆనించానో లేదో, కరిగిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. నా ఈడువాళ్ళకు ఈ సంగతి తెలిసే ఉంటుంది, ఒక్కోసారి వాసన పట్టుకుని లాగినంతగా మరేదీ మనిషిని వెనక్కి లాగదు. పిల్ల సంతోషంగా జాకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది కానీ నేను మాత్రం ఆ పూటంతా మా అమ్మ దగ్గరే ఉండిపోయాను.

మా నాయిన పనిచేసే జీడిమెట్ల కంపెనీ మూతపడి ఆయన మంచం పట్టాక, అమ్మ గంపెడు స్టీలు సామాను నెత్తిన పెట్టుకుని పాత బట్టలకు గిన్నెలిచ్చే పనిలోకి దిగింది. పొద్దున్నే మేడ్చల్‌లో రైలెక్కి అల్వాల్‌లో దిగి, వీధి వీధీ తిరిగి, ఒక చిన్న టిఫిను డబ్బా కోసం అరగంట బేరమాడే ఇల్లాళ్ళతో గొంతు పోయేలా వాదించి, సాయంత్రానికి మూటతో ఇల్లు చేరేది. ఆ రోజుల్లో మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్న చుట్టాలు లేకపోలేదు. అమ్మ మాత్రం మెడ వంచేది కాదు. "మనమేమన్న అడుక్కుంటున్నమా? గిన్నె ఇచ్చి గుడ్డ తీసుకుంటున్నం" అనేది, అదే ఆమె పౌరుషం.

ఆ మూటలోని బట్టలు ఉతికి, ఆరేసి, మనుషులు తొడుక్కునేలా చేయడం నా పని. పదో తరగతితో చదువు ఆగిపోయిన నాకు ఆ విద్య ఎవరూ నేర్పలేదు, అవసరం నేర్పింది. దర్జీ దుకాణం ముందు పడేసిన రంగు రంగుల ముక్కలు ఏరుకొచ్చి పువ్వులు, చిలకలు, మామిడి పిందెలు కత్తిరించేదాన్ని. కొత్త చీరలకు వచ్చే పల్చటి ప్లాస్టిక్ కవరును అదే ఆకారంలో కత్తిరించి, మరక మీదో చిరుగు మీదో పరిచి, దానిపైన గుడ్డ పువ్వు పెట్టి, తడిపి పిండిన నూలు గుడ్డ కప్పి, బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో అదిమి పట్టేదాన్ని. లోపల ప్లాస్టిక్ కరిగి, పువ్వు చొక్కాకు కరుచుకునేది. వేడి తక్కువైతే నాలుగు ఉతుకులకే ఊడిపోయేది, ఎక్కువైతే టెరికాట్ గుడ్డ అప్పడంలా ముడుచుకుపోయేది. ఎన్ని తగలేశానో, అమ్మ చేత ఎన్ని తిట్లు తిన్నానో చెప్పను. శామీర్‌పేట అంగడిలో మా బట్టలకు మంచి పేరే ఉండేది, ద్రాక్ష తోటల్లో పనికి పోయే ఆడవాళ్ళు పిల్లల కోసం మా చిలకల గౌన్లు అడిగి మరీ తీసుకునేవాళ్ళు. పాతది పాతదిలా కనిపించకూడదు, మా కష్టమంతా దానికే.

అటువంటి ఇంట్లో పాత అంగి ఒకటి దొరక్క మేము పడిన అవస్థ తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు రాదు.

మా అక్కకు పిల్లలు నిలవలేదు. మొదటివాడు పురిట్లోనే పోయాడు, రెండోది ఆడపిల్ల, నవ్వడం నేర్చుకుని మరీ పోయింది. ఆ తర్వాత అక్కను ఎవరూ ఏమీ అనలేదు, అదే మరీ ఘోరం. సీమంతాలకు పిలుపు రాదు, బారసాలలకు పిలుపు రాదు, పక్కింట్లో పసిపిల్లను ఎత్తుకోబోతే తల్లి ఏదో పని గుర్తొచ్చినట్టు లోపలికి తీసుకుపోయేది. మూడోసారి పురుడు పోసుకోవడానికి మా ఇంటికి వచ్చినప్పుడు వెంట వచ్చిన అక్క అత్తగారు గడపలోనే చెప్పేసింది. "ఈసారి బిడ్డకు కొత్తది తొడగొద్దు. పిల్లలు నిలిచిన ఇంట్లకెల్లి అడుక్కొచ్చిన పాత అంగే తొడగాలె. కొనొద్దు, మారకం తేవద్దు, కొంగు చాపి అడగాలె."

ఇంటి నిండా పాత బట్టల మూటలే, అయినా ఒక్కటీ పనికిరాదు. అన్నీ గిన్నెలిచ్చి తెచ్చినవే. పైగా ఎవరి పిల్లలు తొడిగి విడిచినవో, ఆ పిల్లలు ఏమయ్యారో ఎవరికి తెలుసు? అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు గంప లేకుండా, ఉత్త చేతులతో నన్ను వెంటబెట్టుకుని రైలెక్కింది.

అల్వాల్‌లో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఉద్యోగస్థుల ఇల్లొకటి ఉండేది. ఆ ఇల్లాలికి ముగ్గురు కొడుకులు, ముగ్గురూ పిడుగులే. గిన్నె చుట్టూ గోరుతో గీరి మందం చూసే మనిషి, అమ్మకూ ఆమెకూ పడి చచ్చేది కాదు. ఆ గుమ్మం ముందే అమ్మ నిలబడి, కొంగు రెండు చేతులా పట్టుకుని నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. చివరికి ఎలాగో చెప్పింది. ఆవిడ అంతా వినకుండానే లోపలికి పోయి బీరువాలోంచి మడత విప్పని కొత్త చొక్కా తెచ్చి, "అయ్యో, పురిటిబిడ్డకి పాతదేమిటమ్మా, ఇది తీసుకెళ్ళు" అంది. అమ్మకు ఏడుపొచ్చేసింది. "కొత్తది వద్దమ్మా. నీ కొడుకు తొడిగి ఇడిసిందే గావాలె. మా బిడ్డకు పిల్లలు నిలుస్తలేరు" అంది. ఆవిడ కొత్త చొక్కా పట్టుకుని మళ్ళీ లోపలికి పోయింది. చిన్న కొడుకు పురిట్లో తొడిగిన తెల్ల అంగి, మెడ దగ్గర పాల మరకతో సహా, తెచ్చి అమ్మ కొంగులో వేసింది. తిరుగు రైల్లో అమ్మ ఆ కొంగు మూట ఒళ్ళోంచి దించలేదు.

ఇంటికి రాగానే ఆ మరకను ఏ పువ్వుతో కప్పాలా అని నా చేతులు దురద పెట్టాయి కానీ, ఉన్నది ఉన్నట్టే ఉండాలని అత్తగారి ఆజ్ఞ. ఆవిడ పెరట్లోకి వెళ్ళినప్పుడు అక్క నన్ను దగ్గరకు పిలిచింది. "పోయినోళ్ళిద్దరికి నా చేతులతోని ఏం చెయ్యనియ్యలే చెల్లె. కడుపుల ఉన్నప్పుడు కుట్టొద్దన్నరు, తర్వాత కుట్టేతందుకు వాళ్ళే లేరు. గీసారన్న ఒక్క పువ్వు వెట్టు" అంది. నాకు కాదనబుద్ధి కాలేదు. అక్కే కత్తెర పట్టుకుని చిటికెన వేలి గోరంత ఎర్ర పువ్వు కత్తిరించింది. బిడ్డ ఒంటికి గుచ్చుకోకుండా, పైకి కనిపించకుండా, అంచు మడత విప్పి లోపల అతికించి మళ్ళీ కుట్టేశాను.

బిడ్డ పుట్టాడు. అడిగి తెచ్చుకున్నవాడు కదా, భిక్షపతి అని పేరు పెట్టారు. జ్వరాలూ దగ్గులూ అన్నీ వచ్చాయి, అన్నీ దాటాడు. అంగి వల్లనా, మందుల వల్లనా అంటే నేను చెప్పలేను. వాడు నడక నేర్చిన ఏడాది, అక్క మా ఇంటికి వచ్చి ఉన్నప్పుడు, అంగడిలో సంగతి విని శామీర్‌పేట వైపు నుంచి ఒక ముసలామె ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, అక్క ముందు కొంగు చాపింది. "నీ పిలగాడు ఇడిసిన అంగి ఒక్కటియ్యి బిడ్డా. మా కోడలికి పిల్లలు నిలుస్తలేరు."

మేమందరం అక్క వైపు చూశాం. ఆ అంగిని ఆమె దిండు కింద పెట్టుకుని పడుకునేది, ఎవరినీ తాకనిచ్చేది కాదు. వేరేదేదైనా ఇచ్చి పంపుతుందనే అనుకున్నాను. అక్క లోపలికి వెళ్ళి, అదే అంగి తెచ్చి, ఆ కొంగులో వేసి, "అవ్వా, నీ కోడలికి చెప్పు, భయపడొద్దని చెప్పు" అంది.

ఇప్పుడు అడిగేవాళ్ళూ లేరు, అడగడానికి గుమ్మాలూ లేవు. అపార్టుమెంటు కింద కావలి మనిషి పేరు రాసుకుని గానీ పైకి పంపడు. ఆస్పత్రులొచ్చాయి, పిల్లలు బతుకుతున్నారు, అంతకన్నా కావలసిందేముంది? ఎవరికీ ఆ పని మీద కొంగు చాపే అవసరం రాకూడదు. మా అక్క కూడా పోయి చాలా కాలమైంది. అయినా ఒక్కోసారి అలసిపోయి కూర్చున్నప్పుడు ఆమె ఆనాటి ముఖమే కళ్ళముందు నిలుస్తుంది. ఎవరూ తమ పిల్లలను తాకనివ్వని మనిషి దగ్గరకు, తమ బిడ్డ బతకాలని, ఒకరు వెతుక్కుంటూ వచ్చారు. ముసలామె మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా అక్క గడపలోనే నిలబడి, కొడుకును చంకనెత్తుకుని, ఏడుస్తూ నవ్వింది.