చట్టికి సబ్బు పెట్టిందెవరు

రాజమండ్రిలో మా ఫ్లాట్ వంటింట్లో, గ్యాసుపొయ్యి మీద కొత్త మట్టిచట్టిలో, వాడేముందు అది గట్టిపడాలని, గంజి కాగుతోంది. తడిమట్టి వాసన, బియ్యపు తీపి కలిసిన ఆవిరి ఇల్లంతా పరుచుకుంటుంటే, చట్టి బీటలిస్తుందేమో, వేడి గంజి పిల్ల మీద ఒలుకుతుందేమో అని సెగ తగ్గిస్తూ పెంచుతూ అక్కడే నిలబడ్డాను. రెండో తరగతి చదివే మా అమ్మాయి ఇంగ్లీషు కథల పుస్తకం పట్టుకొచ్చి, "అమ్మా, క్రాక్ అంటే ఏంటి? పిచ్చోడా?" అంది. కాదమ్మా, అది మధ్యలో 'a' ఉన్న మాట, ఇది 'o' ఉన్నది, షాపుల్లో వినే క్రాకరీకి అమ్మలాంటి మాట అని చెప్పి నిఘంటువు తీశాను.

చాలా పాత ఇంగ్లీషు మాటట. మొదట మట్టికుండ, తరువాత కుండపెంకు. పూలకుండీ అడుగున నీరు దిగడానికి వేసే పెంకుల్ని ఇప్పటికీ అలాగే అంటారట. జర్మన్, డచ్చి భాషల్లో దీనికి చుట్టాలున్నారు గానీ అసలు పుట్టిల్లు ఏదో ఖాయంగా తెలియదట. ముసలి గొర్రెనీ, కుంటి గుర్రాన్నీ, చివరికి ఓపిక ఉడిగిన మనిషినీ కూడా ఆ మాటతోనే పిలిచారట. ఆ అర్థం కుండలోంచే వచ్చిందో, వేరే మాట వచ్చి ఇందులో కలిసిందో పండితులు తేల్చలేదు.

మొగల్తూరు దగ్గర మా అమ్మమ్మగారింట్లో మాత్రం పాతబడ్డకొద్దీ కుండకు హోదా పెరిగేది. మూతి విరిగిన కుండ మంగలమై పేలాలు వేయించడానికి పొయ్యెక్కేది. అదీ పగిలితే పెంకులు మావి, అరుగు అంచున గుండ్రంగా అరగదీసుకుని తొక్కుడుబిళ్లకూ ఏడుపెంకులాటకూ దాచుకునేవాళ్లం. అన్నిటిలోకీ పెద్దది చేపల చట్టి. ఏళ్ల తరబడి నూనే పులుసూ తాగి నల్లగా నిగనిగలాడే ఆ చట్టిని ఊకతోనూ చింతపండు పిప్పితోనూ తప్ప తోమకూడదు. అందులో అమ్మమ్మ వండే పులుసంటే ఊళ్లో పేరు. గరిటె పెట్టకుండా, గుడ్డతో అంచులు పట్టుకుని చట్టినే చుట్టూ తిప్పే ఆ చేతుల్ని చూడటానికి పక్కిళ్లవాళ్లు వచ్చి నిలబడేవారు.

గోదారికి ఎర్రనీళ్లు వచ్చిన రోజుల్లో, నరసాపురం నుంచి తాతయ్య ఆ ఏటి మొదటి పులస తెచ్చారు. మర్నాటి భోజనానికి మా నాన్న, అంటే ఆ ఇంటి అల్లుడు, వస్తున్నాడు. మావయ్య పెళ్లయి నెల కాలేదు. కొత్తగా కాపురానికొచ్చిన సుజాత అత్త రాజమండ్రి పిల్ల, స్టీలు గిన్నెల ఇంట్లో పెరిగింది. అమ్మమ్మ పెరట్లో చేప కోయిస్తుండగా, అడక్కుండానే పని అందుకోవాలని చట్టి దింపి, సబ్బుపొడి వేసి, నురగలు కక్కేలా తోమేసింది.

"మసి పట్టేసిందండి అత్తయ్యగారూ, శుభ్రంగా వదిలించేశాను."

అమ్మమ్మ చట్టి ఎత్తి వాసన చూసి, కింద పెట్టింది. మట్టి సబ్బునీళ్లు తాగేసింది. ఇక అందులో ఏం వండినా ఆ వాసనే. తప్పేదో జరిగిందని తెలిసి అత్త కళ్లనిండా నీళ్లు. ఇంతలో పక్కింటి మాణిక్యమ్మ గోడ మీంచి తొంగిచూసి, "ఏంటండి పిన్నిగారూ, చట్టి అలా తెల్లబోయింది? కొత్త కోడలి నిర్వాకమాండీ?" అంది.

"కాదే, నేనే. ఏదో ఆలోచిస్తూ సబ్బు పెట్టేశాను. మీ చట్టి ఓసారి ఇయ్యి."

"మీరా! అయితే ఇంక మీకు వయసొచ్చేసినట్టేనండి. వంటిల్లు కోడలికి అప్పజెప్పి, మూల కూర్చోండి."

వంటలో తనకు మించినవాళ్లు లేరనుకునే అమ్మమ్మ, ఆ మాటకు నవ్వేసింది. అరువు చట్టిలో అత్త చేత చింతపండు పిసికించి, బెండకాయలు వేయించి, అంచులు పట్టుకుని తిప్పడం పక్కన నిలబడి నేర్పించింది. మర్నాడు నాన్న రెండోసారి పులుసు వేయించుకుంటుంటే, "మా అమ్మాయి వండింది బాబూ" అని అత్తను చూపించింది. ఆ సాయంత్రానికే పెద్దావిడకు మతిమరుపొచ్చిందని వీధంతా పాకింది. అమ్మమ్మ పట్టించుకోలేదు, చలికాలం దాకా అత్తాకోడళ్లిద్దరూ సబ్బు తాగిన ఆ పాత చట్టిని రోజూ నానబెట్టి, గంజి కాచి, ఎండబెట్టి, వాసన వదిలించి, మళ్లీ నలుపెక్కించారు.

ఇప్పుడు అమ్మమ్మ లేదు. ఊకపొయ్యిల్లేవు, మా పిల్లలకు ఏడుపెంకులాటంటే తెలియదు, పులస పేరు వినడమే గానీ కంటపడేది తక్కువ. అత్త జుట్టు సగం నెరిసింది. ఆ వీధిలో పులుసంటే ఇప్పుడు ఆవిడదే పేరు. మొన్న ఆ ఊరు వెళితే, అరుగు మీద చేరిన ముసలివాళ్లు మా అమ్మమ్మ చట్టికి సబ్బు పెట్టిన సంగతి చెప్పుకుని మళ్లీ పగలబడి నవ్వారు.

లోపల్నుంచి అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఆవిడ కాదండీ, నేను. ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

"ఊరుకోవే సుజాతా," అంది మాణిక్యమ్మ. "పోయినా అత్తగారిని వెనకేసుకురావడం మానవు!"