మేక మీది బర్రె పేను

సారు పోయారని సంగారెడ్డి నుంచి వాళ్ల అమ్మాయి కార్డు రాసింది. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చారట, మళ్లీ లేవలేదట. కొన్నాళ్లుగా ఆయాసంతో ఆయన పడుతున్న అవస్థ తెలిసినదాన్ని కనుక, ఏడుపు కంటే ముందు హమ్మయ్య అనిపించింది. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. ఒకప్పుడు నా గుండెల మీది బరువు దించిన మనిషి ఆయన.

ఆయన పరిశోధనంతా జంతువుల ఒంటిమీద బతికే పేలు, పిడుదుల గురించే. అరవైల మొదట్లో సైకిలు మీద పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్లు తిరగడం మొదలుపెట్టి, ఆ పొలాల్లో ఫ్యాక్టరీ గోడలు లేచేదాకా ఆపలేదు. మేక, బర్రె, కుక్క, పందికొక్కు, ఏది దొరికినా తెల్లబట్ట పరిచి సన్నదువ్వెనతో దువ్వేవారు. రాలిన పురుగుల్ని స్పిరిటు సీసాలో వేసి, ఏ జంతువు, ఏ ఊరు అన్న చీటీ కూడా ఆ సీసాలోనే వేసేవారు. ఇంటికొచ్చాక స్నానం చేస్తేగాని వాళ్లావిడ గడప తొక్కనిచ్చేది కాదు. "ఎవరి పేను వాళ్లదేనమ్మా. బర్రె పేను మేక మీద బతకదు" అని మొదటిరోజే నాకు పాఠం చెప్పారు.

మాది గుంటూరు వైపు. నాన్నకు కార్ఖానాలో ఉద్యోగమొస్తే పటాన్‌చెరు పక్కనే ఉన్న బీరంగూడ చేరాం. నేను సారు దగ్గర సహాయకురాలినయ్యాను. చీటీలు పెన్సిలుతోనే రాయాలన్నది అక్కడి నియమం. నేనేమో కొత్త పెన్ను మోజులో, అక్షరం అందంగా వస్తుందని, ఒక దఫా చీటీలన్నీ సిరాతో రాశాను. వారం తిరక్కుండా స్పిరిటు నీలంగా, చీటీలు తెల్లగా అయ్యాయి. చెబితే ఉద్యోగం పోతుందని భయం. స్పిరిటు మార్చి, గుర్తున్నంతవరకు ఊహించి, పెన్సిలుతో కొత్త చీటీలు వేశాను.

తరువాతి నెలలో సారు మైక్రోస్కోపు ముందునుంచి దిగ్గున లేచారు. మేక సీసాలో బర్రె పేను. "ఇగ జూడు, ఇన్నేండ్లు నేను జెప్పింది తప్పైంది" అని మురిసిపోయారు. తన మాట తప్పయినందుకు అంత సంతోషించిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. వ్యాసం టైపు చేయించి, కవరు నా చేతికిచ్చి పోస్టు చేయమన్నారు.

పోస్టు డబ్బా దాకా వెళ్లాను. చెయ్యి రాలేదు. వెనక్కొచ్చి కవరు బల్లమీద పెట్టాను.

"సార్, ఇది పంపొద్దండి. ఆ చీటీ నేను ఊహించి రాసిందండి. అసలుది సిరాతో రాశాను, కరిగిపోయింది."

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"గిట్ల ఊహించినయి ఎన్నున్నయి?"

"ఆ వరసలో సీసాలన్నీనండి."

"జెర ముందు జెప్పాలె గదమ్మా. పోనీ, అచ్చు గాకముందన్న జెప్పినవు. నన్ను బతికిచ్చినవు."

"నా ఉద్యోగం సార్?"

"ఉద్యోగానికేమైంది? రేపు ఇస్నాపూర్ పోవాలె. జల్దీ రా."

ఆ వరసంతా ఆయనే పారబోశారు. నేను ఏడ్చాను.

మర్నాడు ఇస్నాపూర్‌లో మేకలామె ముక్కున వేలేసుకుంది. "మొన్ననే గద సారూ దువ్విన్రు? నా మేకలకు పెండ్లి జేస్తున్నరా ఏంది?"

"మల్ల మొదటి సంది మొదలువెట్టినం అక్కా" అంటూ సారు నేలమీద కూర్చున్నారు. ఎందుకో ఆమెకు చెప్పలేదు. ఆ రోజే కాదు, ఎన్నడూ, ఎవరిదగ్గరా నా తప్పు ఎత్తలేదు. ఒక నల్లమేక ఆయన భుజం మీద మోర ఆనించి చొక్కా కాలరు నమలసాగింది. ఆయన దాన్ని అదిలించకుండా, తల వంచుకుని, మెల్లగా దువ్వుతూనే ఉన్నారు.