మొదటి షిఫ్టు వదిలాక

తొంభైల్లో భిలాయి క్యాంప్ 2లో ఒక చిన్న స్కూలుకి నేను ఇన్‌ఛార్జి ప్రిన్సిపాల్‌ని. నన్ను ఆ పోస్టులో ఖాయం చెయ్యాలా, మళ్ళీ ఐదో తరగతి టీచరుగా పంపాలా అని తేల్చడానికి స్కూలు నడిపే కమిటీ వస్తానంది. నా పనికి సాక్ష్యంగా ‘ప్రొఫెషనల్ పోర్ట్‌ఫోలియో’ తయారుచేసి ఉంచమంది. ఆ మాట వినడం నాకదే మొదలు. మా ఇంట్లో దాన్ని ఫైలనేవాళ్ళం.

నిజం చెప్పాలంటే నాకు ఆ ఫైలు పిచ్చి పట్టింది. రిసాలిలో మా క్వార్టరు నిండా కాగితాలే. మంచం మీద రిజల్ట్స్, బల్ల మీద సైన్స్ ఎగ్జిబిషన్ ఫోటోలు. అన్నం తినాలంటే ముందు ఆటల పోటీల సర్టిఫికెట్లు పక్కకి జరపాలి. స్టీలు ప్లాంటులో పనిచేసే మావారు ఒకటే నవ్వు. “ఏటే, పెళ్ళిచూపులకి పంపే ఆల్బమా ఇది?” అనేవారు. అంటూనే రంగు కాగితాలు కత్తిరించి ఒక్కో భాగానికీ ఒక్కో రంగు అతికించారు. చిన్నప్పుడు కొత్త పుస్తకాలకి అట్టలు వేసుకున్నంత సంబరంగా ఉండేది నాకు.

ఒక్క భాగమే ఖాళీ. తల్లిదండ్రులతో సమావేశాలు. ఆదివారం మీటింగు పెట్టాలని రూలు. పెడితే నాన్నలు వచ్చేవారు కాదు, సగంమందికి ఆదివారమూ డ్యూటీయే. విసుగొచ్చి నేనే ఆ మీటింగులు ఎత్తేశాను. బదులుగా, మధ్యాహ్నం రెండింటికి ప్లాంటులో మొదటి షిఫ్టు వదిలాక వాళ్ళు సైకిళ్ళ మీద నేరుగా స్కూలుకొచ్చేవారు. మసి బట్టలతోనే వరండాలో నిలబడి పిల్లల సంగతులు అడిగేవారు. దానికి ఫోటో ఎవరు తీస్తారు? లేని మీటింగులు పుట్టించి రాయడానికి నాకు పౌరుషం అడ్డొచ్చింది.

కమిటీ ఛైర్మన్ ప్లాంటులో ఆఫీసరుగా రిటైరైన తెలుగాయన. ఫైలు చూస్తూ మెచ్చుకుంటుంటే నేను గాల్లో తేలిపోతున్నాను. ఖాళీ భాగం దగ్గర ఆగారు.

“తల్లిదండ్రులతో మీకు సంబంధాలు లేవామ్మా?”

సంగతి చెప్పాను. ఆయన నమ్మనట్టు చిన్నగా నవ్వారు. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండింది.

“షిఫ్టు వదిలేదాకా కూర్చోండి సార్. మీరే చూద్దురుగాని” అనేశాను.

కూర్చున్నారు. టీలు తాగారు. షిఫ్టు వదిలింది, రోడ్డంతా సైకిళ్ళే. ఒక్కటీ మా గేటు వైపు తిరగలేదు. ఛైర్మన్‌గారు వాచీ చూసుకుని ఫైలు మూసేశారు. నోరు పారేసుకుని చేతులారా చెడగొట్టుకున్నానని నన్ను నేనే తిట్టుకున్నాను.

కమిటీవాళ్ళు వరండా మెట్లు దిగుతుండగా గేట్లోకి గుంపుగా సైకిళ్ళొచ్చాయి. తడి జుట్లు నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ చొక్కాల్లో ఉన్నారు. ఒకాయన మెడకి పౌడరు కూడా. మొదట ఎవరో పెళ్ళివారనుకున్నాను. ముందున్నాయన మా నాలుగో తరగతి అమ్మాయి నాన్న, శ్రీకాకుళం వైపు మనిషి. నా మొహం చూసి సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

“పెద్దోలొస్తన్నారని నిన్న పిల్లల్తో సెప్పినారు గదండి మేడంగారూ. ఆ మసి బట్టల్తో ఏటొస్తాం? ఇంటికెల్లి తానం సేసొచ్చినాం.”

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

“మేడం పిలిస్తే వచ్చారా?” అని అడిగారు ఛైర్మన్‌గారు.

“పిలిసేదేటి బాబూ, ఈ షిఫ్టు పడినప్పుడల్లా వొస్తాం. మీ పనయిపోతే మేడంగార్ని వొగ్గీండి. మా పిల్ల లెక్కల సంగతి అడగాల, మల్లీ ఇంటికెల్లి తొంగోవాల.”

ఛైర్మన్‌గారు పక్కకి తప్పుకుని ఆయనకి దారిచ్చారు. పోస్టు నాదేనని నాకు అప్పుడే తెలిసిపోయింది. ఆర్డరు కాగితం తరవాతెప్పుడో వచ్చింది. ఆ సంతోషం పట్టలేక, ఆ నాన్న దగ్గర వాళ్ళమ్మాయి భాగహారాలని తెగ పొగిడేశాను. పాపం, ఆ పిల్లకి అప్పటికింకా భాగహారాలు రావు.