మగ్గం గుంతలో తాసిల్దారు

ముందే చెప్పేస్తున్నాను, నేను చెప్పేదాన్ని మీరు నాలుగుతో భాగించుకోవాలి. మా ఇంట్లో ఏనాటి నుంచో అదే పద్ధతి. పులిని చూశానని నేనంటే మా వాళ్లు పిల్లి అనుకుంటారు, పిల్లిని చూశానంటే అసలు లేచి కూడా చూడరు. ఆ రోజుల్లో, అంటే నాకు మీసమూ ఆశలూ ఒకేసారి మొలుస్తున్న రోజుల్లో, డిగ్రీ పూర్తి చేసి మా నేతవీధి అరుగు మీద కూర్చుని ఉండేవాణ్ణి. ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ తిరుగుతోందనీ, ఎండకు దారి తప్పి ఉంటుందనీ ఇంట్లో చెప్పేవాణ్ణి. దాన్ని కూడా వాళ్లు నాలుగుతో భాగించారు.

అలాంటి ఒక రోజు నాన్న చీరలు అమ్ముకురావడానికి కోయిలకుంట్లకు వెళ్లి సాయంత్రం బస్సు దిగాడు. "చీరలన్నీ పోయినాయా?" అని అమ్మ అడిగితే నాన్న బదులు ఆయన చేతిలోని సంచి 'కుయ్' మంది. అందులో అరచేతిలో పట్టేంత కుక్కపిల్ల. (సరే, రెండు చేతుల్లో.) వారం తిరక్కుండా అది వీధిలో ప్రతి గడపా తొక్కి, ప్రతి వంటింట్లోకీ తొంగి చూసి, తనకు రావలసింది వసూలు చేసుకుని, మధ్యాహ్నానికి నాన్న గుంతమగ్గం దగ్గరికి వచ్చి, నేతగాడు కాళ్లు పెట్టుకునే ఆ గుంతలో చల్లగా పడుకునేది. అందుకే దానికి 'తాసిల్దారు' అని పేరు పెట్టాము. "నేను కాళ్లు యాడ బెట్టుకోవల్లప్పా?" అని నాన్న గొణుక్కుంటూనే మోకాళ్లు ఓరగా పెట్టి నేసేవాడు. ఆ నెల నేసిన చీరల అంచులన్నీ కొంచెం ఓరగానే వచ్చాయి.

మా ఇంటికీ పక్కనున్న ఖాలా వాళ్లింటికీ మధ్య గోడలో, ఎప్పుడో రెండు రాళ్లు ఊడిపోయి ఏర్పడిన సందు ఒకటి ఉండేది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, కానీ ఆమె మాకు బంధువు కాదు, బంధువుల కంటే ఎక్కువ. మా అమ్మను "అక్కా" అనేది, అమ్మ ఆమెను "చెల్లెలా" అనేది. ఆ సందులోంచి ఇటు నుంచి బొరుగుల ఉగ్గాని, బజ్జీ వెళ్లేవి, అటు నుంచి శుక్రవారం పలావు వచ్చేది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి గిన్నె ఏ దిక్కుకూ ఖాళీగా పోలేదు. తాసిల్దారు కూడా ఆ సందులోంచే రెండు ప్రభుత్వాలనూ నడిపేవాడు.

ఒక ఉదయం తాసిల్దారు లేవలేదు. ముందు వాంతి, తర్వాత విరేచనం, ఆ తర్వాత నెత్తురు కలిసిన విరేచనం. ఆ వాసనకు మా వీధిలో పదహారు మగ్గాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. (ఇప్పుడు తుమ్మలపల్లెలో భూమిని అంత లోతు తవ్వి యురేనియం తీస్తున్నారు. ఆ రోజు మా మగ్గం గుంతలో అంతకంటే శక్తిగల పదార్థం పైపైనే ఉండింది.) నెత్తురు చూడగానే అమ్మ సందు దగ్గరికి వెళ్లింది.

"ఏమ్మే చెల్లెలా, నిన్న దీనికి మాంసం బొక్కలేసినావా? బొక్క గుచ్చుకోని పేగు తెగిండాది సూడు!"

"యా అల్లా! నా బొక్కలా? పసిబిడ్డ మాదిరి ఉండే కుక్కపిల్లకు మిరపకాయ బజ్జీ బెట్టినోళ్లను నేను యాడా సూడలేదక్కా. పేగు కాలకుండా ఎట్లుంటాది?"

"నా బజ్జీ తిని ఈ వీధిలో ఎవరికీ కడుపు నొప్పి రాలేదు!"

"వచ్చినా నీకు బయపడి ఎవురూ సెప్పలేదు!"

ఇక్కడ నాన్న ఒక పెద్ద పొరపాటు చేశాడు. మగ్గం మీద నుంచే, "ఆ మాటైతే నిజమే" అన్నాడు. మధ్యాహ్నానికల్లా ఆ సందులో గోనెసంచి కుక్కేసి ఉంది, మా వైపు నుంచి ఒకటి, వాళ్ల వైపు నుంచి ఒకటి. నాన్నకు అన్నం లేదు. గుంతలో తాసిల్దారు కళ్లు లోపలికి పోయి, తోక కూడా ఎత్తలేక చూస్తున్నాడు. వాడు పోతే, ఎవరి తిండి వల్ల పోయాడన్న లెక్క ఎప్పటికీ తేలదు. ఆ గోనెసంచులు ఎప్పటికీ తియ్యరు. ఇరవయ్యొక్కేళ్ల నిరుద్యోగినైనా ఆ మాత్రం నాకు అర్థమైంది. వాణ్ణి తువ్వాలులో చుట్టి, సైకిలును పశువుల ఆసుపత్రికి పరిగెత్తించాను.

డాక్టరుగారు తాసిల్దారును ఒక్కసారి చూశాడు. కుర్చీలోంచి లేచాడు. బల్ల గుద్దాడు. "ఇది తిండి వల్ల వచ్చింది కానే కాదు! వైరస్! పార్వో అంటారు. ఒక కుక్క విరేచనం నుంచి ఇంకో కుక్కకు అంటుకుంటాది, మట్టిలో నెలలకొద్దీ బతికుంటాది, మన చెప్పులకు అంటుకోని ఇంట్లోకొస్తాది. బంగళాల్లో పాలూ గుడ్లూ తినే కుక్కలక్కూడా వస్తాది. బొక్కలననొద్దు, బజ్జీలననొద్దు! తెచ్చిన వెంటనే టీకా సూది ఏయించి ఉంటే ఈ గతి పట్టేది కాదు" అని గర్జించాడు. కుక్కల కడుపు చెడగొట్టే వైరస్‌లు ఇంకా ఉన్నాయనీ, వాటిలో కరోనా అనేది ఒకటనీ కూడా చెప్పాడు. (మనుషులకు తర్వాత వచ్చింది వేరు. అప్పట్లో ఆ పేరు విని ఎవరూ భయపడలేదు, మంచి కాలం.) ముంగాలికి సూది గుచ్చి సెలైన్ ఎక్కించి, ఆ సూది అలాగే ఉంచి ఇంకో సీసా నా చేతికిచ్చి, వాంతులు ఆగేదాకా నోటికేమీ పెట్టొద్దన్నాడు. ఇల్లంతా బ్లీచింగు నీళ్లతో కడగమన్నాడు.

ఇంటికొచ్చి, గోడకు ఇటూ అటూ వినబడేలా ఇదంతా అప్పజెప్పాను. నాన్నకు మాత్రం బంగళాల మాట బాగా నచ్చింది. "అంటే మన తాసిల్దారుకు పెద్దోళ్ల జబ్బొచ్చిండాది" అని గర్వంగా సెలైన్ సీసాను మగ్గం దూలానికి కట్టాడు. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడె ఆగింది. సీసాలోంచి చుక్కలు మాత్రం పడుతున్నాయి. కాసేపటికి గోడలోని గోనెసంచి అటువైపు నుంచి కదిలింది.

"అక్కా, వానికి గుక్కెడు గంజి పొయ్యొచ్చునా?"

"ఏమీ బెట్టొద్దన్న్యాడంట డాక్టరు. నువ్వు సాటుగా బెట్టేవు!"

"నువ్వు బెట్టేవు! నీ సేతులు ఊరుకోవు, నాకు తెలీదా?"

ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక ఇద్దరూ మగ్గం గుంతకు చెరో పక్కన కూర్చుని కాపలా కాశారు. ఆ పట్టింపుతో తాసిల్దారు నోట్లోకి మెతుకు కూడా పోలేదు. వాణ్ణి బతికించింది సగం సెలైన్, సగం ఆ అనుమానం. రోజూ వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లి తెచ్చేవాణ్ణి, రోజూ వాళ్లు కాపలా కాసేవాళ్లు. కాపలాలో కబుర్లు మొదలయ్యాయి, కబుర్లలో నాన్న దోషిగా తేలాడు. చివరికి ఒక పొద్దున తాసిల్దారు లేచి, వణుకుతూ సందు దాకా నడిచి, గోనెసంచిని పళ్లతో లాగాడు. సంచులు రెండూ ఊడొచ్చాయి. అటు నుంచి మెత్తటి గంజన్నం గిన్నె వచ్చింది.

ఇప్పుడు ఇందులో నేను కల్పించింది ఏమిటో చెప్పాలి కదా. పదహారు మగ్గాలు కావు, నాలుగు. గోనెసంచి లాగాడన్నది నిజం, నమ్మకపోతే మీ ఇష్టం. డాక్టరుగారు బల్ల గుద్దలేదు. గుద్దడానికి ఆయన చెయ్యి ఖాళీగా లేదు, భుజం దాకా ఒక బర్రె లోపల ఉంది. ఆ భంగిమలోనే తల తిప్పి ఆయన అన్నది ఇంతే: "పార్వో మాదిరి ఉండాదప్పా. తిండి గూడా కావచ్చు. పరీక్ష చేసేది ఈడ లేదు. ఇంతకీ ఏం బెట్టినారు?" మట్టి, చెప్పులు, సూది, కరోనా తర్వాత చెయ్యి కడుక్కుంటూ ఆయన చెప్పినవే. 'కానే కాదు', బంగళాలు, గర్జన మాత్రం సైకిలు మీద ఇంటికొచ్చే దారిలో నేను తయారు చేసినవి. కొన్నాళ్లకు మా బొక్కలూ బజ్జీలూ ఎరగని పక్కవీధి కుక్కపిల్లలకూ అదే జబ్బు వచ్చి నా మాట నిజమైంది. నాకు ముందే తెలిసినట్టు తలూపాను.

ఇన్నేళ్లు కథలు రాశాను గానీ, అంత పనికొచ్చిన కోత మళ్లీ ఒక్కటీ కొయ్యలేకపోయాను. ఆ అరుగు మీది కుర్రాడి దగ్గర నేర్చుకోవలసింది ఇంకా ఉందేమో. ఒక్కటే భయం. అమ్మా ఖాలా ఇప్పటికీ ఆ సందుకు చెరో పక్కనే ఉన్నారు. ఇది ఎవరైనా చదివి వినిపిస్తే, ఇన్నేళ్ల తర్వాత కూడా అమ్మ లేచి గోడ దగ్గరికి వెళ్లి, "ఏమ్మే చెల్లెలా, అయితే నీ బొక్కేనేమో!" అంటుంది. అప్పుడు నాన్న దయచేసి నోరు తెరవకూడదు.