కుప్పం దారిలో ఏనుగులు, కారు డిక్కీలో ఒడిబియ్యం

అక్క ఫోన్‌లో చెప్పిన ఒక్క మాటతో ఈ ప్రయాణం మొదలైంది. "పక్కింటోళ్ల వంటింటి గోడ ఏనుగు పడగొట్టిందిరా" అంది, కూరలో ఉప్పు ఎక్కువైంది అన్నంత మామూలుగా. మా అక్క సరళ కుప్పం దగ్గర, అడవి అంచున ఉన్న ఒక ఊళ్ళో ఉంటుంది. బావ తెల్లవారుజామునే రైలెక్కి బెంగళూరు పనికి పోతాడు, రాత్రికి గానీ రాడు. కొడుకు హాస్టల్లో చదువుతున్నాడు. పగలంతా ఆ ఇంట్లో అక్క, రెండు పాడి ఆవులు, అంతే. ఆమెను కొన్నాళ్ళు మదనపల్లె తీసుకొచ్చి, మేమిద్దరమే ఉండే మా ఇంట్లో పెట్టుకుందామని అమ్మా నేనూ అనుకున్నాం.

జాగ్రత్త విషయంలో నన్ను అమ్మా అక్కా ఏడిపిస్తారు. గ్యాస్ కట్టేశానా, మోటారు ఆపానా అని రెండుసార్లు చూసి, తాళాన్ని మూడుసార్లు లాగి, మందుల డబ్బా పట్టుకుని గానీ బయల్దేరను. అమ్మ జాగ్రత్తలు వేరు. ఆడబిడ్డకు కష్టం వచ్చిందంటే ఒడి నింపాలంటుంది. బియ్యం, బెల్లం అచ్చులు, కొబ్బరికాయలు, రెండు చీపుల అరటిపళ్ళు మూట కట్టింది. ఒడి నింపితే బిడ్డ చల్లగా ఉంటుందని ఆవిడ నమ్మకం.

కారు బాడుగకు మాట్లాడాం, రానుపోను నాలుగున్నర వేలు. బస్సుల్లో పోయేవాళ్ళు పలమనేరులో మారాలి, ఖర్చు బాగా తగ్గుతుంది గానీ సగం రోజు దారిలోనే పోతుంది. డ్రైవరు రెడ్డెప్ప సొంతూరు సదుం. ఏడింటికి బయల్దేరి ఎనిమిదికల్లా పుంగనూరు చేరాం. అక్కడ రోడ్డు పక్కన పనసపండ్లు రాశి పోసి ఉంటే, అమ్మ కారు ఆపించి మంచి పండు ఒకటి కొనింది. గంగవరం దాటేసరికి కారంతా పనస వాసన.

ఏనుగు ఎదురైతే ఏం చేయాలని రెడ్డెప్పను అడిగాను. "లైట్లు ఆర్పి, బండి ఆపి, గమ్మున కూర్చోవాలప్పా" అన్నాడు. పలమనేరులో ఇడ్లీ తిన్నాం, ప్లేటు ముప్పై రూపాయలు, చట్నీ బ్రహ్మాండం. అక్కడ ఇడ్లీ పెట్టే ఆవిడ ఈ మాట విని నవ్వింది. "ఆపితే ఎట్లప్పా? దూరంగా ఉండంగానే ఎనక్కి తిప్పుకోని పోవాల." వి.కోట దగ్గర టెంకాయ నీళ్ళు అమ్మే పెద్దాయన ఇంకో మాట చెప్పాడు. "పగలు రావప్పా. వచ్చినా నిన్నేం సెయ్యవు." చెక్కిన కాయ నా చేతికిచ్చాడు. "ఏనుగు గదా, సెప్పలేం." ఫోన్‌లో రాసుకుంటున్నవాణ్ణి మూడూ చెరిపేశాను. వీటిలో ఏది నిజమో మీకు చెప్పగలిగేంత తెలివి నాకు ఇప్పటికీ లేదు.

పదకొండుంపావుకు అక్క ఊరు చేరాం. డిక్కీ తెరిచి అమ్మ మూట చంకనెత్తుకుంది, నేను పనసపండు భుజానికెత్తుకున్నాను. అక్క గడప దగ్గర నుంచే అరిచింది.

"అమ్మా, ఆడే నిలబడు! అది లోపలికి తేవద్దు."

అమ్మ ముఖం చిన్నబోయింది. కన్నకూతురు ఒడిబియ్యం వద్దంటే ఏ తల్లికి ప్రాణం నిలుస్తుంది? "యాల వద్దు? నేనేం పాపం సేసినానే?" అంది.

అక్క దగ్గరికొచ్చి అమ్మ చేయి పట్టుకుని పక్కింటికి నడిపించుకెళ్ళింది. వంటింటి గోడ ఉన్నచోట నీలం టార్పాలిన్ కట్టి ఉంది. "బెల్లం కోసరం వచ్చిందమ్మా. ఈ ఇంటి యమ్మ గోడకవతల నిద్రపోతాండె, రెండడుగుల్లో గండం తప్పిపోయింది. బియ్యం, బెల్లం, పండు, ఏదుంటే దానికే వస్తాయి. నేనైతే ఒక పూటకు సరిపడా బియ్యమే ఇంట్లో పెట్టుకుంటాండాను. మిగతాది కుప్పంలో అంగడాయన దగ్గర ఉండాది."

నా భుజం మీద పనసపండు ఒక్కసారిగా బరువెక్కింది. ఆమెను కాపాడటానికి వచ్చిన మేము, ఏనుగును పిలిచే సరుకంతా ఏరికోరి తెచ్చాం. ఇప్పుడు దీన్నేం చేయాలి? పొలంలో పారేస్తే అక్కడికే వస్తాయి. కారులో ఉంచుకుంటే మళ్ళీ అదే అడవి దారి. చివరికి అన్నీ సంచిలో బిగించి, కుప్పంలో ఎవరికైనా ఇచ్చి రమ్మని రెడ్డెప్పను పంపాం. అమ్మ పసుపు, కుంకుమ, రవికె గుడ్డ మాత్రం అక్క ఒడిలో పెట్టి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

భోజనాలయ్యాక అసలు మాట ఎత్తాను. "మాతో వచ్చేయక్కా, కొన్నాళ్ళే."

"ఆవులను ఎవురు సూస్తారు? ఆయన పొద్దుపోయి వస్తే ఖాళీ ఇల్లు తెరుసుకోవాల్నా? ఈడ ఏం సెయ్యాల్నో నాకు తెలుసురా. మీకే తెలీదు. నాలుగు లోపల బయల్దేరండి."

మూడున్నరకు రెడ్డెప్ప కారు తిప్పి నిలబెట్టాడు. నేను ఎక్కాను. అమ్మ ఎక్కలేదు. చీర కొంగు నడుముకు దోపి, ఆవుల దగ్గర చెత్త ఊడుస్తోంది.

"అమ్మా, పొద్దు పోతోంది."

"నువ్వు పో నాయనా. నేను ఈడే ఉంటాను."

అక్క వద్దంది, నేను బతిమాలాను, రెడ్డెప్ప కూడా ఒక మాట వేశాడు. అమ్మ తలెత్తలేదు. ఒక్కరిని తీసుకురావడానికి వెళ్ళినవాణ్ణి, ఇద్దరిని అక్కడ వదిలి వచ్చాను. దారిలో ఏనుగు కాదు కదా, కుక్క కూడా అడ్డం రాలేదు.

ఇది జరిగి పదకొండు రోజులైంది. నేను చేసింది తప్పో ఒప్పో ఎంత ఆలోచించినా తేలడం లేదు. బలవంతంగా ఎక్కించుకు రావాల్సిందా? నేనూ ఉండిపోవాల్సిందా? అక్కడి గోడలు, దారులు, వాసనలు తెలిసిన అక్క కంటే నాకు ఎక్కువ ఏం తెలుసని తీసుకొస్తాను? మీరు ఆ వైపు బంధువుల ఇంటికి వెళ్తుంటే రెండు పనులు చేయండి: ఏ తినుబండారం తేకూడదో ముందే ఫోన్ చేసి అడగండి, వెలుగుండగానే తిరుగుముఖం పట్టండి. ఏనుగు ఎదురైతే ఏం చేయాలో మాత్రం అక్కడి అటవీ సిబ్బందినే కనుక్కోండి, నన్ను అడగొద్దు. రోజూ సాయంత్రం భయం భయంగా ఫోన్ చేస్తాను. అమ్మే ఎత్తుతుంది. "మేం బాగుండాం లే," అంటుంది, "నువ్వొక్కడివే ఉండావు గదా, తలుపేసుకున్యావా?"