మినిట్స్‌లో లేని మాట

నాంపల్లిలో మా ఆఫీసు ఒక పాత బంగళాలో ఉండేది. కొత్తగా కట్టబోయే విద్యుత్ కేంద్రాల ప్లాన్లను పరిశీలించే కమిటీ అక్కడ కూర్చునేది. నేను ఆ కమిటీకి స్టెనోని. మాది మెదక్. మిషన్ బడిలో టీచరుగా పనిచేసిన మా నాన్న పోయాక నాకు ఆ ఉద్యోగం ఇప్పించింది కమిటీ ఛైర్మన్‌గారే; అమ్మ, చెల్లెళ్లతో హైదరాబాదు వచ్చేశాను. పాత హైదరాబాదు మనిషి. నన్ను "బిడ్డా" అనే పిలిచేవారు. వాన పడితే తన జీపులో అబిడ్స్ బస్టాపు దగ్గర దింపించేవారు.

ఆయన చిన్న కూతురి పెళ్లి కుదిరినప్పుడు శుభలేఖల కవర్ల మీద అడ్రసులు టైపు చేసింది నేనే. వియ్యంకుడికి అబిడ్స్‌లో యంత్రాల కంపెనీ ఉంది. అప్పుడు మా కమిటీ పరిశీలనలో ఉన్న విద్యుత్ కేంద్రానికి బాయిలర్లు ఇస్తామని టెండరు వేసింది ఆ కంపెనీయే. ఆఫీసులో అందరికీ తెలుసు. ఛైర్మన్‌గారు ఈ ఫైలు జోలికి రాకుండా ఉంటే బాగుండేదని ఒక్కరూ అనలేదు. అందరం పెళ్లికి వెళ్లి భోంచేసి వచ్చాం. నాకు చీర కూడా పెట్టారు.

పెళ్లయిన కొద్ది రోజులకే ఆ టెండరు మీద మీటింగు. సభ్యుల్లో బెజవాడ వైపు నుంచి వచ్చిన ఇంజనీరుగారు ఒకరు. మాట తక్కువ మనిషి. ఆ రోజు మాత్రం గట్టిగా చెప్పారు.

"మన బొగ్గులో బూడిద ఎక్కువండీ. ఈ బాయిలర్ గొట్టాలు రెండేళ్లు కూడా తట్టుకోవు. నేను ఒప్పుకోలేను."

ఛైర్మన్‌గారు నవ్వి, "చూద్దాం లే" అని తర్వాతి విషయానికి వెళ్లిపోయారు. మీటింగు మినిట్స్ టైపు చేయడానికి నేను ఆ మాటలన్నీ షార్ట్‌హ్యాండ్ పుస్తకంలో రాసుకున్నాను.

సాయంత్రం ఆయన నన్ను గదిలోకి పిలిచారు.

"బిడ్డా, గా ఇంజనీరు మాట మినిట్స్‌ల వద్దు. అందరు ఒప్పుకున్నరని రాయి."

"సార్, ఆయన వద్దన్నరు గద?"

"నేను మాట్లాడుకుంట ఆయనతోని. నీకేం ఫికర్ లేదు."

ఆ మాట వదిలేసి టైపు చేశాను. కాగితాలు సంతకానికి వెళ్లిన వారం ఇంజనీరుగారు క్యాంపులో ఉన్నారు. తిరిగొచ్చాక నా బల్ల దగ్గరే నిలబడి, "మీరు టైపు చేశాక చూసేదేముందమ్మా" అంటూ చదవకుండా సంతకం పెట్టేశారు. అప్పుడైనా "ఒకసారి చూడండి సార్" అనలేకపోయాను.

కొన్నేళ్లకు ఆ కంపెనీ బాయిలర్లతోనే కేంద్రం నడవడం మొదలైంది, ఆగిపోవడమూ మొదలైంది. గొట్టాలు అరిగి చిల్లులు పడ్డాయి. విచారణ వచ్చేనాటికి ఛైర్మన్‌గారు రిటైరయ్యారు. బాయిలర్ల సంగతి తెలిసిన సభ్యుడై ఉండి ఎందుకు అభ్యంతరం చెప్పలేదని ఇంజనీరుగారిని సంజాయిషీ అడిగారు. మిగతా సభ్యులు తమకేమీ గుర్తులేదన్నారు.

ఆయన నా దగ్గరికి వచ్చారు. మనిషి బాగా చిక్కిపోయారు.

"అమ్మా, ఆ రోజు మీరు రాసుకున్న పుస్తకం ఉందా?"

పుస్తకం నా సొరుగులోనే ఉంది. అది బయటికొస్తే తప్పుడు మినిట్స్ టైపు చేసింది నేనేనని తేలుతుంది. ఇంట్లో అమ్మ, చదువుకుంటున్న చెల్లెళ్లు కళ్ల ముందు కదలాడారు.

"పాతవన్నీ తీసి పడేసిన్రు సార్."

"పోనీ, నేను ఆ మాట అన్నట్టు మీకు గుర్తుందా?"

"లేదు సార్."

"సరేనమ్మా, శ్రమ ఇచ్చాను" అని వెళ్లిపోయారు.

ఆయన హోదా తగ్గించి ఎక్కడో దూరపు సబ్‌స్టేషనుకు పంపారు. రెండేళ్లకు, ఆరోగ్యం చెడి, ఉద్యోగం మానేసి కాచిగూడలో కిరాయి ఇంట్లో ఉంటున్నారని విన్నాను. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి నుంచి, ఆ షార్ట్‌హ్యాండ్ పుస్తకంతో నేరుగా అక్కడికే వెళ్లాను.

వాకిట్లో పడక్కుర్చీలో ఉన్నారు. ఏం చెప్పాలో తెలియక పుస్తకం చేతికిచ్చాను. తిప్పి చూసి, "నాకు ఈ గీతలు రావు. మీరే చదవండి" అన్నారు.

చదివాను. ఆయన తలుపు దగ్గర నిలబడ్డ భార్య వైపు తిరిగి, "విన్నావా? అన్నాను. అన్నానని నీకు చెప్తూనే ఉన్నాగా" అన్నారు.

ఆమె నాకేసి చూసింది. "ఇన్నాళ్లూ మీ దగ్గరే ఉందా?"

ఉందన్నట్టు తలూపాను. ఆమె లోపలికి వెళ్లి మళ్లీ రాలేదు.

"ఆఫీసుకు రాసిస్త సార్. తప్పు నాదేనని చెప్త" అన్నాను.

"మీ ఇష్టమమ్మా. నాకిక ఓపిక లేదు" అన్నారాయన.

మర్నాడు రాసిచ్చాను. కొత్త అధికారి చదివి, ఆ కేసు ఎప్పుడో ముగిసిందని చెప్పి కాగితం ఫైల్లో పెట్టించారు. నన్నెవరూ ఏమీ అనలేదు. మరుసటి సంవత్సరం నాకు ప్రమోషన్ కూడా వచ్చింది. ఆ కబురు విన్న రోజు అబిడ్స్‌లో బస్సు ఎక్కకుండా ఇంటిదాకా నడిచాను. అమ్మ స్వీటు తెచ్చావా అని అడిగితే, మరిచిపోయానన్నాను.